కాగజ్ రద్దు, జిరాక్స్ జిందా

మా అబ్బా మర్హూమ్ దస్తావేజులు రాసేవారు. కర్నూలు జిల్లాలోని మా ఊళ్లో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, వేపచెట్టు కింద ఆయన బల్ల ఉండేది. బల్ల మీద స్టాంపు ప్యాడ్, నీలం సిరా కలం, వేలిముద్రలు తుడుచుకోవడానికి ఒక పాత గుడ్డపేలిక. స్కూలు వదిలాక నేనూ మా ఛోటీ అక్కడికే వెళ్లేవాళ్లం. క్రయం, తనఖా, హిబా, వీలునామా, జీపీఏ... మా అక్కాచెల్లెళ్లకు ఎక్కాలతో పాటే ఈ మాటలూ వచ్చేశాయి.

పొలం కొనడానికి ఎవరొచ్చినా అబ్బా అడిగే మొదటి మాట ఒకటే. "ఈసీ నికాలే క్యా మియా?" ఈసీ తీయించావా అని. చేతిలో కాగితం ఎంత బాగున్నా, కింద ఎంతమంది సంతకాలున్నా ఆయనకు లెక్క లేదు. ఆ కాగితం పుట్టిన తర్వాత దాని మీద ఏం నడిచిందో చూడాలి. తనఖా పెట్టారా, ఇంకొకరికి రాసిచ్చారా, రద్దు చేశారా.

ఒకసారి పక్క ఊరి రైతు ఒకాయన బల్ల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఎవరో జీపీఏ జిరాక్స్ చూపించి ఆయన దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. ఆ జీపీఏ రద్దయి అప్పటికే రెండేళ్లు. రద్దు కాగితం రాసింది అబ్బానే. "కాగజ్ రద్ హో గయా మియా, జిరాక్స్ అభీ జిందా హై" అన్నారు అబ్బా, చాలా మెల్లగా. ఆ తర్వాత ఆయన ఒక అలవాటు చేసుకున్నారు. తన చేత్తో రాసిన దస్తావేజు ఏదైనా రద్దయితే, సాయంత్రం సైకిలెక్కి, దానితో పని పడేవాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పి వచ్చేవారు. అమ్మీ కసురుకునేది. "ఇస్ కే పైసే కౌన్ దేతా జీ?" ఎవరూ ఇవ్వరు. రాసినందుకు ఫీజు ఉంది. రద్దయిందని ఇంటింటికీ వెళ్లి చెప్పినందుకు లేదు.

ఆ బల్ల దగ్గర పెరిగిన నేనే ఒక జిరాక్స్‌ను చూసి మోసపోయాను. నష్టం మాత్రం నాకు రాలేదు. మా ఛోటీ కొడుకు మున్నాకు వచ్చింది.

2017 ఆగస్టు. నేను సర్కారు బడిలో టీచర్ని. ఆంధ్రలో, తెలంగాణలో మీజిల్స్ రుబెల్లా టీకా క్యాంపెయిన్ మొదలైంది. తొమ్మిది నెలలు నిండిన పిల్లల నుంచి పదిహేనేళ్లలోపు వాళ్ల దాకా అందరికీ ఒక సూది. మీజిల్స్ అంటే మనం ఖస్రా అనేది, తెలుగులో తట్టు. మా బడిలో పిల్లలను వరుసలో నిలబెట్టిందీ, ఏడ్చేవాళ్లకు చాక్లెట్లు పంచిందీ నేనే.

ఆ రోజుల్లోనే మా మొహల్లాలో ఫోన్లలో మెసేజ్‌లు తిరిగాయి. ఈ సూది వేస్తే రేపు మన పిల్లలకు పిల్లలు పుట్టరని ఒకటి. అది చదివి నవ్వుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, ఇలాంటి అఫ్వాలు నమ్ముతానా అనుకున్నాను. రెండోది వేరే రకం. ఈ టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని లండన్ డాక్టర్లు రుజువు చేశారని, కంపెనీలు లాభం కోసం దాచిపెట్టాయని. కింద ఇంగ్లీషులో ఒక పేపరు మొదటి పేజీ ఫొటో. పైన పత్రిక పేరు, ది లాన్సెట్. డాక్టర్ల పేర్లు వరుసగా పదమూడు.

ఆ రాత్రి ఛోటీ ఫోన్ చేసింది. మున్నాకు నాలుగేళ్లు. వాడికి తొమ్మిదో నెలలో వేయాల్సిన సూది జ్వరంగా ఉందని వాయిదా పడింది. తర్వాత ఊళ్లు మారడంలో రెండోదీ తప్పిపోయింది. ఈ క్యాంపెయిన్ సరిగ్గా అలాంటి పిల్లల కోసమే. మర్నాడు వాడి నర్సరీకి నర్సమ్మలు వస్తున్నారు. "ఆపా, సూయి దిలానా కీ నక్కో?" అని అడిగింది. మా ఇంట్లో మొదట డిగ్రీ చేసింది నేను. ఇలాంటివి నన్నే అడుగుతారు.

నేను ఆ ఫొటో మళ్లీ చూశాను. లాన్సెట్ అంటే పెద్ద పత్రిక అని తెలుసు. మందుల కంపెనీలు డబ్బు మనుషులని కూడా తెలుసు. "అభీ నక్కో. బాద్ మే దేఖింగే" అన్నాను. బడిలో పిల్లలకు డ్యూటీగా వేయించాను. ఇంట్లో వాడికి మాత్రం షక్‌తో ఆపాను. ఆ బాద్ మే రానే లేదు.

2019 మొదట్లో మున్నాకు జ్వరం వచ్చింది. కళ్లు ఎర్రబడి, ముక్కు కారి, దగ్గు. నాలుగో రోజు చెవుల వెనక మొదలైన దద్దులు ఒళ్లంతా పాకాయి. తట్టు తగ్గుతోందనుకున్నప్పుడు న్యుమోనియా పట్టుకుంది. దవాఖానాలో పదకొండు రోజులు. ఆక్సిజన్ పెట్టారు. రెండు చెవుల్లోంచి చీము కారింది. డాక్టరమ్మ కేసు షీటు రాస్తూ, "టీకా వేయించారా?" అని అడిగింది. ఛోటీ జవాబు చెప్పలేదు. నా వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు. నేనేదో చెబుతానని చూసింది.

నేనేమీ చెప్పలేకపోయాను.

వాడు బతికాడు, అల్లా కరం. కుడి చెవి బాగైంది. ఎడమ చెవిలో వినికిడి సగానికి పడిపోయింది.

వాడు ఇంటికి వచ్చాక నేను ఒక పని చేశాను. 2017లోనే, ఆ రాత్రే, పది నిమిషాలు కూర్చుని చేయాల్సిన పని. ఆ లండన్ పేపరుకు ఈసీ తీశాను.

ఆ పేపరు అచ్చయింది 1998 ఫిబ్రవరి 28న. రాసినవాళ్లలో ముందున్నది లండన్ రాయల్ ఫ్రీ హాస్పిటల్ డాక్టరు ఆండ్రూ వేక్‌ఫీల్డ్. మొత్తం పరీక్షించింది పన్నెండు మంది పిల్లలను. పన్నెండు! నా ఒక్క సెక్షన్లోనే నలభై మంది ఉంటారు. మీజిల్స్, మంప్స్, రుబెల్లా మూడూ కలిపిన ఎంఎంఆర్ టీకా తర్వాత కొందరు పిల్లల్లో ఆటిజం లక్షణాలు కనిపించాయని తల్లిదండ్రులు చెప్పారని అందులో రాశారు. టీకా వల్లే వచ్చిందని రుజువు చేయలేదని ఆ పేపరులోనే ఉంది. కానీ ప్రెస్ మీట్లో వేక్‌ఫీల్డ్ మూడు కలిపిన టీకా ఆపి, విడివిడిగా వేయాలన్నారు. పేపర్లకూ టీవీలకూ అంతే కావాలి. ఇంగ్లండులో ఎంఎంఆర్ వేయించుకునే పిల్లలు 90 శాతానికి పైన ఉండేవాళ్లు, 2003-04 నాటికి 80 శాతానికి పడిపోయారు.

ఇక డబ్బు సంగతి. 2004లో బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు సండే టైమ్స్‌లో బయటపెట్టాడు. పేపరు అచ్చు కావడానికి రెండేళ్ల ముందే, 1996లో, టీకా కంపెనీల మీద దావా వేయాలని చూస్తున్న ఒక లాయరు వేక్‌ఫీల్డ్‌ను పెట్టుకున్నాడు. గంటకు 150 పౌండ్లు. ఈ ఫీజు మొత్తం 4,35,643 పౌండ్లని, ఖర్చులు వేరని తర్వాత తేలింది. అదీ బ్రిటన్‌లో పేదల కేసుల కోసం పెట్టిన సర్కారు న్యాయ సహాయ నిధిలోంచి. దీనికి తోడు 1997 జూన్‌లో ఆయన తన సొంత మీజిల్స్ టీకా ఒకదానికి పేటెంటు అడిగి ఉన్నారు. ఎంఎంఆర్ మీద జనానికి నమ్మకం పోతే ఎవరి సరుకుకు గిరాకీ వస్తుందో వేరే చెప్పాలా? ఈ రెండింటిలో ఒక్కటీ పేపరులో చెప్పలేదు.

ఇది చదివి నేను చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కోర్టు గేటు దగ్గర టీ తాగుతూ కూర్చునే కిరాయి గవాహ్‌లను అబ్బా మాకు దూరం నుంచి చూపించేవారు. పైసలు తీసుకుని గవాహీ చెప్పేవాళ్లు. "వీళ్ల మాట అబద్ధమని కాదు బేటా, ఒక్కోసారి నిజమే చెబుతారు. కానీ పైసలు తీసుకున్నానని ముందు చెప్పి, తర్వాత గవాహీ చెప్పమను, చూద్దాం" అనేవారు. కంపెనీల లాభం మీద నాకు అంత షక్ ఉంది కదా. ఆ షక్ నాలో పెంచినవాడికి లాభం ఏమిటని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

అబద్ధం పిల్లల వివరాల్లోనూ ఉంది. టీకాకు ముందు పన్నెండు మందీ మామూలుగానే ఉన్నారని పేపరు చెప్పింది. వాళ్ల పాత రికార్డులు చూస్తే అయిదుగురికి ముందు నుంచే ఎదుగుదలలో ఇబ్బందులు రాసి ఉన్నాయి. వచ్చిన మాటలు, నడవడికలు వెనక్కి పోయే రకం ఆటిజం తొమ్మిది మందికి ఉందని రాశారు. వాళ్లలో ముగ్గురికి అసలు ఆటిజమే లేదు. ఇవన్నీ డీర్ 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక్కో బిడ్డ లెక్కన రాశాడు. తన కొడుకు బర్త్‌డే పార్టీకి వచ్చిన పిల్లలకు అయిదేసి పౌండ్లిచ్చి వేక్‌ఫీల్డ్ వాళ్ల రక్తం తీయించారని కూడా విచారణలో తేలింది. తల్లిగా ఇది చదవడం కష్టమైంది.

మరి పత్రిక ఏం చేసింది? 2004లో డబ్బు సంగతి తెలిసినప్పుడు, ముందే తెలిసి ఉంటే ఈ పేపరు వేసేవాళ్లం కాదని లాన్సెట్ ఎడిటరే అన్నారు. పదమూడు మంది రచయితల్లో పదిమంది టీకాకూ ఆటిజానికీ లంకె ఉందన్న అర్థాన్ని వెనక్కి తీసుకున్నారు. అయినా పేపరు మాత్రం అలాగే ఉంది. పూర్తిగా రద్దు చేసింది 2010 ఫిబ్రవరి 2న. అదీ బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ విచారణలో తప్పు తేల్చిన తర్వాతే. అదే ఏడాది మేలో వేక్‌ఫీల్డ్‌ను డాక్టర్ల జాబితాలోంచి తీసేశారు. ఆయన ఈ రోజుకీ తప్పు ఒప్పుకోలేదు.

లెక్క వేయండి. అచ్చయింది 1998. రద్దయింది 2010. పన్నెండేళ్లు. మా ఛోటీ నన్ను అడిగింది 2017లో. అప్పటికి అది రద్దయి ఏడేళ్లు దాటింది. లాన్సెట్ వెబ్‌సైటులో ఆ పేపరు తెరిస్తే ప్రతి పేజీ మీదా ఎర్రటి పెద్ద అక్షరాలతో రద్దయినట్టు ముద్ర ఉంటుంది. నాకొచ్చిన ఫొటోలో ఆ ముద్ర లేదు. అది ముద్ర పడక ముందు తీసిన జిరాక్స్.

రద్దుకు ఇంత ఆలస్యం ఎందుకని నాకు పట్టుకుంది. వెతుకుతూ పోతే అబ్బా సైకిల్ గుర్తొచ్చింది. రాసినందుకు ఫీజు ఉంది, రద్దు చెప్పినందుకు లేదు.

వైద్య పత్రికలు మనం అనుకున్నట్టు మదరసాలూ, ధర్మసత్రాలూ కావు. పెద్ద వ్యాపారం. లాన్సెట్ 1823లో పుట్టింది, 1991 నుంచి ఎల్సెవియర్ అనే ప్రచురణ కంపెనీ చేతిలో ఉంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు పదమూడేళ్లు ఎడిటర్‌గా చేసిన రిచర్డ్ స్మిత్, దిగిపోయాక 2005లో ఒక వ్యాసం రాశారు. వైద్య పత్రికలు మందుల కంపెనీల మార్కెటింగ్ విభాగంలా తయారయ్యాయని ఆ వ్యాసం పేరులోనే ఉంది. తమ మందు మంచిదని ఒక పేపరు వస్తే, కంపెనీలు దాని కాపీలు కట్టలు కట్టలుగా పత్రిక దగ్గరే కొని డాక్టర్లకు పంచుతాయట. ఒక్క పేపరు కాపీలకే ఒక్కోసారి పది లక్షల డాలర్ల పైన ఖర్చు పెడతారని ఆయన రాశారు.

దీనికి పేరున్న ఉదాహరణ వయాక్స్. మెర్క్ కంపెనీ కీళ్ల నొప్పుల మందు. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో దాని మీద పేపరు వచ్చింది. ఆ మందు వేసుకున్నవాళ్లలో 20 మందికి గుండెపోట్లు వస్తే పేపరులో 17 అని ఉంది. ఆ పేపరు కాపీలు పత్రిక 9 లక్షలకు పైగా అమ్మింది, ఎక్కువ కొన్నది మెర్కే. 2004 సెప్టెంబరులో కంపెనీ మందును మార్కెట్లోంచి తీసేసింది. ఆ ముగ్గురి లెక్క తప్పిందని పత్రిక రాతపూర్వకంగా ఆందోళన చెప్పింది 2005 డిసెంబరులో. ఆ పేపరు రద్దు మాత్రం కాలేదు.

కాబట్టి బెహనో, కంపెనీల మీద మీకున్న షక్ పిచ్చిది కాదు. నాదీ పిచ్చిది కాదు. ఒకవైపే అనుమానించడం నా తప్పు.

ఇప్పుడు ఇంకో రకం వ్యాపారం వచ్చింది. చదివేవాళ్ల దగ్గర కాకుండా, రాసేవాళ్ల దగ్గర ఫీజు తీసుకుని అచ్చువేయడం. సరిగ్గా చేసే పత్రికలు ఇందులోనూ ఉన్నాయి. కానీ ఎన్ని పేపర్లు వేస్తే అన్ని ఫీజులైనప్పుడు కొందరికి పరీక్షించే ఓపిక ఎక్కడుంటుంది? మనకు దూరం సంగతి కాదిది. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఓమిక్స్ అనే సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. నిపుణులు పరీక్షించకుండానే పరీక్షించారని చెప్పారని, ఫీజు ముందు చెప్పకుండా దాచారని, పేపరు వెనక్కి తీసుకుంటామంటే తీసుకోనివ్వలేదని ఆరోపణలు. 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. రాసినవాడే నా దస్తావేజు రద్దు చేయండి మహాప్రభో అంటే కుదరదన్న దుకాణాన్ని మా అబ్బా చూసి ఉంటే ఏమనేవారో.

పత్రికలు తలుచుకుంటే త్వరగా చేయలేవా? చేయగలవు. 2020 మే 22న, కొవిడ్ మధ్యలో, అదే లాన్సెట్‌లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద ఒక పెద్ద పేపరు వచ్చింది. 671 హాస్పిటళ్లు, 96,032 మంది రోగులు, ఆ మందు వాడితే చావులు ఎక్కువని. ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు రోజుల్లో తన పరీక్షల్లో ఆ మందును ఆపింది. కానీ ఈ లెక్కలు ఏ హాస్పిటళ్లవి, చూపించండి అని వందమందికి పైగా డాక్టర్లు, పరిశోధకులు బహిరంగ లేఖ రాశారు. లెక్కలు ఇచ్చింది సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీ. అది అసలు కాగితాలు చూపించలేకపోయింది. జూన్ 4న పేపరు రద్దు. పదమూడు రోజులు. అందరి కళ్లూ ఆ కాగితం మీదే ఉన్నాయి కాబట్టి అంత తొందర. పన్నెండేళ్లకూ పదమూడు రోజులకూ మధ్య తేడా అదే, ఎంతమంది గట్టిగా అడిగారన్నది.

అడగడానికి ఇప్పుడు దారి కూడా ఉంది. 2010లో ఇద్దరు జర్నలిస్టులు రిట్రాక్షన్ వాచ్ అని మొదలుపెట్టారు. ఎక్కడ ఏ పేపరు రద్దయినా అందులో రాసి పెడతారు. ఇప్పుడు అందులో 50 వేలకు పైగా రద్దుల వివరాలున్నాయి, ఎవరైనా డబ్బు కట్టకుండా చూడొచ్చు. నాకైతే అది రిజిస్ట్రారు ఆఫీసు ఈసీలాగే కనిపించింది. పేపరు పేరు కొడితే చాలు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రంలో సోమాలియా నుంచి వెళ్లిన ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. తమ పిల్లల్లో ఆటిజం ఎక్కువగా కనిపిస్తోందని 2008 ప్రాంతంలో ఆ తల్లులు భయపడ్డారు. ఎందుకని అడిగితే తృప్తిగా జవాబు చెప్పినవాళ్లు లేరు. ఆ ఖాళీలోకి టీకా వ్యతిరేకులు వచ్చారు. వేక్‌ఫీల్డే స్వయంగా వచ్చి ఆ తల్లిదండ్రులను కలిశారు, అప్పటికి ఆయన పేపరు రద్దయి ఉన్నా. 2004లో అక్కడి సోమాలీ చిన్నపిల్లల్లో 92 శాతం ఎంఎంఆర్ వేయించుకునేవాళ్లు. 2014కి అది 42 శాతం. 2017 వేసవిలో తట్టు వచ్చింది. 75 కేసులు, ఎక్కువమంది టీకా పడని సోమాలీ పిల్లలే. మసీదు ఇమాములు, వాళ్ల భాష మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు తిరిగి తిరిగి చెబితే అది ఆగింది. తట్టు ముగిసిందని అక్కడ ప్రకటించింది 2017 ఆగస్టులో. సరిగ్గా ఆ నెలలోనే నేను ఛోటీకి "అభీ నక్కో" అన్నాను.

ఆ తల్లులను జాహిల్ అనడానికి నాకు నోరు రాదు. వాళ్లు బిడ్డ కోసం భయపడ్డారు, చదువుకున్నవాళ్ల మాట నమ్మారు. మా ఛోటీ కూడా అంతే చేసింది.

టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందా అని ఆ తర్వాత దేశదేశాల్లో చూశారు. 2019 మార్చిలో వచ్చిన డెన్మార్క్ అధ్యయనం ఒక్కటే 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించింది. ఎంఎంఆర్ వేసుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. పన్నెండు ఒకవైపు, ఆరున్నర లక్షలు ఒకవైపు. ఇది మా మున్నా దవాఖానా నుంచి ఇంటికొచ్చిన రోజుల్లోనే వచ్చింది.

తెలుసుకున్నాక ఏం చేయాలి? మనసులో తౌబా చేసుకుని ఊరుకోవచ్చు. ఛోటీ కాళ్లు పట్టుకుని ఏడ్చాను, అదీ అయింది. "ఛోడో ఆపా, హో గయా సో హో గయా" అంది. కానీ నేను ఆ మాట ఛోటీ ఒక్కదానికే చెప్పలేదు. ఒక నోటు పుస్తకం తీసి రాసుకున్నాను, ఎవరెవరికి చెప్పానో. మా ఫుప్పు కోడలికి. స్టాఫ్ రూములో ఇద్దరు టీచర్లకు. కుట్టు నేర్పే ఖాలా ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లకు, అక్కడ ఎంతమంది ఉన్నారో కూడా గుర్తు లేదు. అబ్బాకు సైకిల్ ఉండేది. నేను స్కూటీ మీద వెళ్లాను.

సులువేం కాదు. ఒక టీచరు ముఖం చాటేసింది, వాళ్ల అబ్బాయికి ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడెందుకు ఈ మాటలు అంది. ఫుప్పు కోడలు నవ్వి, నువ్వు చెప్పావని నాకు గుర్తే లేదు ఆపా, నేను అప్పుడే వేయించేశాను అంది. ఆ మాట విని నాకు ఎంత సుకూన్ అనిపించిందో చెప్పలేను. కుట్టు ఖాలా ఇంట్లో మాత్రం ఒక అమ్మాయి చాలాసేపు మాట్లాడకుండా మిషన్ తొక్కుతూ ఉండిపోయింది. తర్వాత దారం తెంపి అడిగింది. "మీరు అప్పుడు వద్దన్నారు, ఇప్పుడు వేయించమంటున్నారు. రేపు మళ్లీ వద్దంటే?"

అడగాల్సిన ప్రశ్నే అడిగింది. నేను ఫోన్ తీసి రద్దు ముద్రతో ఉన్న ఆ పేపరు చూపించాను. ఎవరు పైసలిచ్చారో, ఎవరు ఎప్పుడు వెనక్కి తీసుకున్నారో, తర్వాత ఎంతమందిని చూశారో తెలుగులో చెప్పాను. "నా మాట నమ్మొద్దు. ఎవరు చెప్పినా ఈ మూడూ అడుగు. నన్ను కూడా అడుగు" అన్నాను. ఆ అమ్మాయి పాపకు ఎనిమిదో నెల. తర్వాతి నెల నర్సమ్మ వచ్చిన రోజు నన్ను పిలిచింది, నేను వెళ్లి పాపను ఒళ్లో పట్టుకున్నాను. పదహారో నెల దాటాక రెండో సూదికి నేను గుర్తు చేయకుండానే వేయించి, ఫోన్లో కార్డు ఫొటో పంపింది.

ఇప్పుడు మా కుటుంబం గ్రూపులో ఇలాంటి మెసేజ్ ఏదొచ్చినా, అబ్బా మాటే పెడతాను. ఈసీ నికాలే క్యా మియా? కొందరు విసుక్కుంటారు. పర్వాలేదు.

మున్నా ఇప్పుడు పెద్దవాడయ్యాడు. క్రికెట్ బాగా ఆడతాడు. వెనక నుంచి పిలిస్తే ఒక్కోసారి పలకడు, బడిలో ముందు బెంచీలో కుడివైపు చెవి టీచరు వైపు ఉండేలా కూర్చుంటాడు. నేను వాడింటికి వెళ్లినప్పుడు అలవాటుగా ఎడమ పక్కన కూర్చుని ఏదో చెబుతుంటాను. వాడు లేచి, నా ఇంకో పక్కకు వచ్చి కూర్చుంటాడు.

"ఖాలా, ఇధర్ సే బోలో" అంటాడు.